బావలకి మాట్లాడే వీల్లేదు

నా మీద కోపం ఇంకా చల్లారని వదినకి,

కవరు మీద చేతిరాత చూసి కూడా చింపెయ్యకుండా ఇంతదాకా వచ్చారంటే సగం పని అయినట్టే. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. ఫోన్లో అయితే మొదటి మాటకే నేను ఏడుస్తాను, రెండో మాటకి మీరు పెట్టేస్తారు. కాగితమైతే విసిరికొట్టినా కాసేపాగి మళ్లీ వంగి తీసుకోవచ్చు.

మీ తమ్ముడికి లేబర్ కోర్టు తలుపు వేసేసింది. కేసు ఓడిపోవడం కాదు, అది మాకు అలవాటే. ఈసారి జడ్జిగారు ఏమన్నారంటే, ఈయన ఇన్నేళ్లుగా వేసినవన్నీ ఒకే గొడవట, పేర్లే వేరట. మొదట కంపెనీ మీద, తర్వాత మిషను తయారుచేసినవాళ్ల మీద, ఆ తర్వాత వైకల్యం ఇంత శాతమని రాసిన డాక్టరు మీద, చివరికి తీర్పు చెప్పిన పాత జడ్జి మీద. అందుకని ఇకమీదట ఆ ప్రమాదం గురించి గానీ, దాని భృతి గురించి గానీ, ఈయనైనా ఈయన తరఫున ఇంకెవరైనా కొత్త కాగితం పెట్టాలంటే ముందుగా జడ్జి అనుమతి తీసుకోవాలి. అనుమతి రావాలంటే ఇంతకుముందు చెప్పనిది, చెప్పే వీలు లేకపోయినది ఏదైనా ఉండాలి. లేకపోతే కౌంటరులో కాగితం ముట్టుకోరు.

ఆ ఉత్తర్వు నకలు ఫైలింగు కౌంటరు అద్దానికి లోపలివైపు అంటించారు. మీ తమ్ముడి పేరు బయటికి కనబడేలా. ఆ కౌంటరు గుమాస్తా ఇన్నాళ్లూ ఈయన్ని చూడగానే నవ్వేవాడు, తన టీలో సగం పోసిచ్చేవాడు. ఇప్పుడు తల దించుకుని, "సార్, లైన్లో నిలబడకండి. మీ దగ్గర తీసుకోకూడదన్నారు" అన్నాడట. ఈయన వెనకాల ఉన్నవాళ్లంతా అద్దం మీది కాగితాన్ని, ఈయన మొహాన్ని మార్చి మార్చి చూశారట. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి, కాళ్లు కూడా కడుక్కోకుండా గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇక మా ఇల్లు చూడాలి మీరు. ఉన్నదే ఒక గది, దానికొక వంటగది. బీరువా మీద ఫైళ్లు, మంచం కింద ఫైళ్లు, నా కుట్టుమిషను కాళ్ల దగ్గర ఫైళ్లు. కొట్టువాళ్లు సరిచెయ్యమని పంపే ప్యాంట్లు పెట్టుకోవడానికి నాకు చోటు లేదు, ఆయన కట్టలకి మాత్రం ఉంది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుంటారు, ఎడం చేత్తోనే బొత్తాలు పెట్టుకుంటారు, గుమ్మందాకా వెళ్లి ఆగిపోతారు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, నేను కుట్టే కుట్టుకి వంకలు పెడతారు. పాత పిటిషన్లు తీసి, ఎక్కడ ఏ ముక్క రాయడం మరిచిపోయారో నాకు చదివి వినిపిస్తారు. వ్యాజ్యంలో గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మా నాన్న అనేవాడు. ఏడవడానికి కూడా కోర్టులోకి రానివ్వకపోతే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

అసలు నేను రాయాల్సింది చెయ్యి గురించి. నాలుగు వేళ్లు పోయిన ఆ కుడిచెయ్యి ఇప్పుడు మోచెయ్యి దాకా మొద్దుబారింది. పడుకున్నప్పుడు ఆ చెయ్యి తన వంటి కిందే నలిగినా తెలియడంలేదు. నరం నొక్కుకుపోయిందట. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే భుజం నిలబడుతుంది, ఆలస్యమైతే చెయ్యి మొత్తం కర్రముక్క అయిపోతుందని డాక్టరు చెప్పాడు. సగం భృతితో అది మా వల్ల కాదు. కానీ చెయ్యి పాడవడం కొత్త సంగతి. దానికి అనుమతి తప్పకుండా వస్తుందని ఉచిత సహాయం లాయరమ్మ అంటోంది. మీ తమ్ముడు మాత్రం ససేమిరా అంటున్నారు. తీర్పులో 'కార్మికుడి సొంత నిర్లక్ష్యం' అని ఒక మాట ఉంది కదా, సగం భృతి కోసేసింది ఆ మాటే. అది తీసేయించకుండా చెయ్యి గురించి అడిగితే ఆ మాట ఒప్పుకున్నట్టే అవుతుందట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. చెయ్యి పోయినా సరే గానీ కుందేలు కాలు మాత్రం పెరగదు.

ఆ మాట తీర్పులోకి ఎలా వచ్చిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అట్టలు కోసే ఆ మిషనుకి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కత్తి కిందికి దిగుతుంది. చేతులు కత్తి కిందికి పోకుండా ఆ ఏర్పాటు. ఒక బటన్ని గుడ్డతో నొక్కి కట్టేశాడు కాబట్టే మీ తమ్ముడి చెయ్యి కత్తి కింద ఉందని కంపెనీ వాదన. ఆయన కడుతుంటే చూశానని సాక్ష్యం చెప్పింది మీవారే, నేను అన్నయ్యా అని పిలిచే మనిషి. సొంత బావమరిది రక్తంలో ఉంటే, తన సూపర్‌వైజరు కుర్చీ కాపాడుకోవడం కోసం అబద్ధం చెప్పారు. ఈ ముక్క ఇన్నేళ్లూ గొంతులో పెట్టుకున్నాను, ఇవాళ రాసేశాను.

ఇప్పుడిక అన్నయ్య కోర్టులో నిజం చెప్పినా ఎవరూ రాసుకోరు. అందుకని భయపడాల్సిన పని కూడా లేదు. ఒక్కసారి వచ్చి, మా మంచం మీద కూర్చుని, "అబద్ధం చెప్పానురా" అని మీ తమ్ముడి మొహం మీద అనమనండి. అంతే. ఆ ఒక్క మాట వింటే ఈయన ఆ తీర్పుని వదిలేసి చెయ్యి సంగతి చూసుకుంటారు. మీరు చెయ్యి పట్టుకుని నడక నేర్పిన తమ్ముడు, వదినా. ఆ చెయ్యే ఇది.

మీరు ఒప్పుకున్నా మానినా,
మీ మరదలు

*

వదినా,

మీ కార్డు అందింది. క్షేమసమాచారాలు లేవు, చిరునామా పక్కన మూడు ముక్కలు. 'మా ఆయన కోర్టులో అబద్ధం చెప్పలేదు. కావాలంటే మా తమ్ముణ్ణే అడుగు. నన్ను ఇంకేం రాయమంటావు?' చదివి మండిపోయాను. ఆ కార్డు పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టి, "చూశారా మీ అక్క పొగరు" అన్నాను. ఆయన చదివారు. తిరగేసి వెనకవైపు కూడా చూశారు. అక్కడేం లేదు. మళ్లీ ముందువైపు చదివారు. తర్వాత ఆ కార్డుని మోకాలి మీద పెట్టుకుని, మంచినీళ్లు అడిగినంత మామూలుగా, "నేనే కట్టాను" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఏం కట్టారు అన్నాను. బటన్‌కి గుడ్డ కట్టాను అన్నారు. ఆ రోజే కాదట, రోజూ కట్టేవారట. ఆ షెడ్డులో కట్టనివాడు లేడట. రెండు చేతులూ బటన్ల మీద పెడితే అట్ట జరిగిపోతుంది, సరిచేసుకుని మళ్లీ నొక్కేలోపు పక్కవాడు ముందుకెళ్లిపోతాడు, సాయంత్రానికి లెక్క తగ్గితే మర్నాడు గేటు దగ్గరే నిలబెట్టేస్తారు. ఇన్‌స్పెక్టరు వస్తే లోడింగువాళ్లు ఈల వేసేవాళ్లట. ఈల వినబడగానే అందరూ గుడ్డలు విప్పి జేబుల్లో కుక్కుకునేవాళ్లు. ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాక మళ్లీ కట్టుకునేవాళ్లు. ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన మొహంలో ఒక రకమైన హుషారు కూడా వచ్చింది, వదినా. ఆ షెడ్డు అంటే ఆయనకి అంత ఇష్టమని నాకు తెలియదు.

మరి కట్టలేదని ఎందుకన్నారు అని అడిగాను. ఆస్పత్రిలో మత్తు కూడా దిగకముందే యూనియన్ పెద్దమనిషి మంచం మీదికి వంగి, "కట్టలేదు అను, చాలు. కట్టానంటే నీకు పైసా రాదు, అందరూ కడతారంటే షెడ్డు మొత్తం రోడ్డు మీద పడుతుంది" అన్నాడట. అందుకని ఈయన కట్టలేదన్నారు. షెడ్డులో మిగతావాళ్లంతా మేమెవరమూ ఎన్నడూ కట్టలేదన్నారు. అన్నయ్య ఒక్కరే, ఈయన కట్టాడన్నారు. అంతమంది అబద్ధంలో ఒక్క నిజం వెళ్లి మీ తమ్ముడి నెత్తిమీద పడింది.

"పోనీ తర్వాతైనా చెప్పకపోయారా" అన్నాను. ఆయనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఒకసారి కట్టలేదని రాశాక ప్రతి పిటిషన్లోనూ మొదటి పేరా అదే కదే. అది తీసేస్తే వెనకవన్నీ అబద్ధాలైపోతాయి. అదుంటే ముందువన్నీ ఓడిపోతాయి. ఎటు తిరిగినా గోడే." ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఈయన ఆ రెండిటి మధ్యా కుర్చీ వేసుకుని ఇన్నేళ్లు కూర్చున్నారు. నేను ఆ కుర్చీ పక్కన ఫైళ్లు సర్దుకుంటూ కూర్చున్నాను. ఆయన కేకలేసి ఉంటే తట్టుకునేదాన్ని. అంత నెమ్మదిగా చెప్పేసరికి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను. ఓడిపోయినందుకు కాదు. నన్ను కూడా జడ్జిల్లో ఒకదాన్ని చేసి, నా ముందు కూడా అదే మొదటి పేరా చదివినందుకు.

ఇంకొకటి కూడా చెప్పారు. ఆ గుడ్డలు ఎవరిచ్చేవాళ్లో. షిఫ్టు మొదలవగానే మిషన్ల గ్రీజు తుడుచుకోవడానికని వేస్టు గుడ్డలు పంచేది సూపర్‌వైజరే, అంటే అన్నయ్యే. తుడుచుకునేవి వేరే, సన్నగా పొడుగ్గా చింపినవి వేరే. ఆ సన్నవి దేనికో ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. అన్నయ్య వాటిని ముందురోజు సాయంత్రమే చింపి, కట్టకట్టి ఉంచేవారట. కోర్టులో ఆయన్ని "ఇతను కడుతుంటే చూశారా" అని అడిగారు, చూశానన్నారు. గుడ్డ ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. మీరు రాసింది నిజమే వదినా, ఆయన అబద్ధం చెప్పలేదు. అడగని నిజం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చారు.

నిజం బయటికొచ్చింది కదా, ఇప్పుడైనా తేలిగ్గా ఉంటారనుకున్నాను. లేదు. మర్నాడే నన్ను కూర్చోబెట్టి, "రాయి. నేను కట్టాను, అందరూ కట్టేవాళ్లు, గుడ్డలు కంపెనీయే ఇచ్చేది. ఇది ఇంతవరకు చెప్పనిదే కదా, కొత్తదే కదా" అన్నారు. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇద్దరం పట్టుకెళ్లి లాయరమ్మకి చూపించాం. ఆవిడ చదివి కాగితం బోర్లా పెట్టేసింది. "నిజమే కావచ్చు. కానీ ఇది కొత్తది కాదు. మీకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసి చెప్పనిదాన్ని కోర్టు కొత్తదనదు. పైగా ఇది పెడితే ఇన్నాళ్లూ ప్రమాణం చేసి అబద్ధం చెప్పారని మీరే రాసిచ్చినట్టు. చెయ్యికి వచ్చే అనుమతి కూడా పోతుంది" అంది.

చూడండి మా గతి. అబద్ధం చెప్పినన్నాళ్లూ ఆ కౌంటరు రోజూ తెరిచే ఉంది. నిజం చెబుదామని వెళ్లేసరికి అద్దానికి కాగితం అంటించి ఉంది. మీ తమ్ముడు మళ్లీ గోడ వైపు తిరిగారు. చెయ్యి పిటిషన్ మీద సంతకం పెట్టరు. పెట్టకపోతే డాక్టరు చెప్పిన గడువు దాటుతుంది, గడువు దాటితే చెయ్యి పోతుంది. నాకు ఇంట్లో ఊపిరి ఆడటంలేదు. మిషను తొక్కుతూ ఉంటే ఆ చప్పుడులో కాసేపు బతుకుతున్నాను.

అన్నయ్యని నిందిస్తూ రాసిన ముక్క కొట్టేసుకోండి. అబద్ధం చెప్పానని అనమన్నాను కదా, అది వద్దు. గుడ్డలు నేనే ఇచ్చానని అంటారేమో కనుక్కోండి. రిటైరయ్యే ముందు కుర్చీకి చేటు అంటే నేనేమీ అనుకోను. నిజంగానే ఏమీ అనుకోను.

ఏం చెయ్యాలో తెలియని,
మీ మరదలు

*

వదినా, మా వదినా,

అన్నయ్యని పంపిస్తున్నట్టు ఒక్క ముక్క ముందు రాయకూడదా? తలుపు తీసేసరికి సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, నేను పోస్టుమ్యాననుకుని "ఎవరికండీ" అన్నాను. "మీ ఆయనకే, రిజిస్టర్ బట్వాడా" అన్నారు. మీ ఇంటివాళ్ల వేళాకోళం ఎక్కడికి పోతుంది.

లోపలికొచ్చి ఫైళ్లు పక్కకి జరిపి మంచం మీద కూర్చున్నారు. మీ తమ్ముడు లేవలేదు, ఇటు తిరగలేదు. అన్నయ్య ఆ వీపుతోనే మాట్లాడారు. "కట్టావని చెప్పాను. అది నిజం. గుడ్డ చింపింది నేను. అదీ నిజం. రెండోది అడిగితే చెబుదామని బోనులో నిలబడే ఉన్నాను. అడగలేదు. దిగిపోయాను. దిగినప్పటినుంచీ నాకు నిద్ర లేదని నీకు చెప్పను, శుభ్రంగా నిద్రపోయాను. మీ అక్కే నిద్రపోలేదు." అప్పుడు మీ తమ్ముడు ఇటు తిరిగి, "టీ తాగావా బావా" అన్నారు. నేను వంటింట్లోకి పరుగెత్తాను.

చెయ్యి పిటిషన్ మీద సంతకం ఆ సాయంత్రమే అయింది. అన్నయ్య కాగితం జరగకుండా పట్టుకుంటే ఈయన ఎడం చేత్తో పెట్టారు. అనుమతి కోసం జడ్జిగారి ముందుకి వెళ్లేటప్పుడు లాయరమ్మ మా ముగ్గురినీ నిలబెట్టి చెప్పింది: బటన్ ఊసెత్తితే అంతా పోతుంది, నోరు విప్పొద్దు. మీ తమ్ముడు తల ఊపారు. నాకు నమ్మకం లేదు. ఆ హాల్లో ఆయన మాట్లాడటం మొదలుపెడితే పంకా ఆపినా ఆయన ఆగరని అక్కడి బంట్రోతులకే తెలుసు.

జడ్జిగారు చిన్నావిడ, జలుబు చేసి గొంతు పట్టేసింది. డాక్టరు కాగితం చదివి, మీ తమ్ముడి వైపు చూసి, "ఇందులో పాత సంగతి ఏదీ లేదు కదా?" అన్నారు. లేదండి అన్నారు మీ తమ్ముడు. "బటన్ విషయంలో తీర్పు అంతిమమని, మళ్లీ ఎత్తనని రాసివ్వాలి. మీ తరఫున ఎవరైనా ఎత్తినా ఈ అనుమతి రద్దవుతుంది. సమ్మతమేనా?" ఆయన నా వైపు చూడలేదు. కుడిచేతిని ఎడం చేత్తో పట్టుకుని నిలబడి, సమ్మతమేనండి అన్నారు. ఇన్నేళ్లలో ఆ హాల్లో ఆయన ఇంత తక్కువ మాట్లాడటం అదే మొదలు.

అప్పుడు వెనక బెంచీ మీంచి అన్నయ్య లేచారు. "అమ్మా, ఆ గుడ్డలు ఇచ్చింది నేనమ్మా" అన్నారు. బంట్రోతు భుజం పట్టుకున్నాడు. లాయరమ్మ కళ్లు మూసుకుంది. జడ్జిగారు, "మీరెవరు? ఈ పిటిషన్లో పార్టీనా?" అన్నారు. "కాదండి. బావనండి" అన్నారు అన్నయ్య. హాల్లో నవ్వారు. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. కలం కింద పెట్టి, "బావలకి ఇక్కడ మాట్లాడే వీల్లేదు. కూర్చోండి. ఆ మాట చెప్పాల్సిన రోజు ఒకటి ఉండింది" అని, దగ్గి, కాగితం మీద సంతకం చేశారు. అన్నయ్య మాట ఎవరూ రాసుకోలేదు. చెయ్యికి అనుమతి వచ్చింది. ఆపరేషన్‌కి ఆస్పత్రివాళ్లు రోజు కూడా ఇచ్చారు.

ఇక్కడితో ఆపేసి, శుభం అని రాసేద్దామనుకున్నాను. కుదరడంలేదు. వరండాలోకి రాగానే అన్నయ్య మాకంటే ముందు నడిచారు. ఎక్కడికా అని చూస్తే కౌంటరు దగ్గర లైన్లో నిలబడ్డారు. సొంత పేరు మీద వాంగ్మూలం పెట్టాలంటే ఏం చెయ్యాలి, ఎవరికి పెట్టాలి అని గుమాస్తాని అడుగుతున్నారు. బయట కొట్టులో స్టాంపు కాగితాలు కొన్నారు. దారి పొడుగునా, "కుర్చీ పోతే పోనీ. నన్ను కూర్చోమంటుందా. నా పేరుతో నేను వేసుకుంటా, ఆపమను" అనే గొణుగుడే. ఆ గొంతు, ఆ నడక నాకు కొత్తవి కావు వదినా. ఇన్నేళ్లుగా నా ఇంట్లో ఉన్నవే.

నిన్న ఆ కాగితాలు నా మిషను బల్ల మీద పరిచి, "అమ్మాయ్, నీ చేతిరాత బాగుంటుంది, నేను చెబుతా నువ్వు రాయి" అన్నారు. ఆయన వేసినా మీ తమ్ముడి తరఫున వేసినట్టే లెక్క, చెయ్యి అనుమతి రద్దయిపోతుంది. అది నాకు తెలుసు. తెలిసి కూడా వద్దని అనలేదు. 'సొంత నిర్లక్ష్యం' అన్న మాట పోతుందేమో, ఒక్కసారి పెట్టి చూస్తే ఏం పోతుంది అనిపించింది. కలం తీశాను. పైన తేదీ కూడా వేశాను. ఇన్నాళ్లూ మానెయ్యండి మానెయ్యండి అని మీ తమ్ముడి ప్రాణం తీసిన దాన్ని నేనే, వదినా.

మీ తమ్ముడు మంచం మీంచి లేచి వచ్చి నా చేతిలోంచి కలం తీసుకుని, పళ్లతో పట్టుకుని దానికి మూత పెట్టారు. "వద్దు బావా. ఇది మొదలుపెట్టినవాడు ఇంటికి రాడు. నేను నిన్న మొన్ననే వచ్చాను" అన్నారు. అన్నయ్య కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. పారెయ్యలేదు.

ఆపరేషన్ అయ్యేదాకా ఇక్కడే ఉండి ఆ తర్వాత వస్తారు. ఈ ఉత్తరం ఆయనకంటే ముందే చేరుతుంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు సంచి తీసి, అడుగున చొక్కాల కింద ఉంటాయి, ఆ కాగితాలు తీసెయ్యండి. ఎంత అరిచినా ఇవ్వకండి. చింపడానికి మనసొప్పకపోతే దాచండి. ఎక్కడ దాచారో నాకు మాత్రం చెప్పకండి.

మీ మరదలు